లాగితే... ఆగాలి!

పెంపుడు కుక్కను తిప్పడానికి బయల్దేరితే అదే మనల్ని ఈడ్చుకుపోతోందా? మంచి బెల్టు కొంటే అన్నీ సర్దుకుంటాయని దుకాణానికి పరుగెత్తేముందు... ఆ బెల్టు ఏం చేయగలదో, ఏం చేయలేదో తెలుసుకోవాలి. ఎందుకంటే అక్కడ ఉన్నది ఒక మూగజీవి మెడ!

తెల్లవారుజామున ఏ కాలనీ వీధిలోకి తొంగిచూసినా ఈ దృశ్యం మామూలే. ముందు నాలుక బయటపెట్టి రొప్పుతూ ఓ లాబ్రడార్. వెనక బిర్రుగా బిగుసుకున్న తాడు. ఆ తాడు చివర, చెప్పులు జారిపోతున్నా ఆగలేక పరుగులాంటి నడకతో యజమాని. ‘మీరు దాన్ని తిప్పుతున్నారా, అది మిమ్మల్ని తిప్పుతోందా?’ అని ఎదురొచ్చినవాళ్లు నవ్వుతారు. భుజం సలుపుతున్నా యజమాని కూడా నవ్వేసి ఊరుకుంటాడు.

నవ్వులాటగా మొదలయ్యే ఈ వ్యవహారం చాలా ఇళ్లలో ఒకేలా ముగుస్తుంది. మొదట ఇంటావిడ ‘నావల్ల కాదు బాబూ’ అంటుంది. తర్వాత పెద్దాయన ఓసారి తూలి పడతాడు. పిల్లలకు పరీక్షలొస్తాయి. మెల్లగా వాకింగ్‌ మానేస్తారు. గేటు పక్కనో డాబా మీదో గొలుసుకు కట్టేసిన కుక్క పగలంతా మొరుగుతూనే ఉంటుంది. ఇంకేముంది... ‘ఇది మొండిది, మాట వినదు’ అని ముద్ర పడిపోతుంది. రోజుకి అరగంట బయటి లోకం చూసే అవకాశం పోయిన కుక్క అంతకన్నా ఎలా ఉంటుంది?

పడిపోవడం కూడా తేలిగ్గా తీసుకోవాల్సిన సంగతి కాదు. అమెరికాలో 65 ఏళ్లు దాటినవాళ్లు కుక్కను తాడుతో నడిపిస్తూ ఎముకలు విరగ్గొట్టుకున్న కేసుల మీద 2019లో ఓ అధ్యయనం వెలువడింది. 2004లో అలాంటివి దాదాపు 1,670 ఉంటే, 2017 నాటికి దాదాపు 4,400 అయ్యాయట. అందులో తుంటి విరిగినవాళ్లూ, మణికట్టు విరిగినవాళ్లూ ఎక్కువే. కాబట్టి లాగే అలవాటు మాన్పించడం కుక్కకే కాదు, మనకూ అవసరమే.

ఎందుకు లాగుతుంది?

మన మీద పెత్తనం చెలాయించడానికే కుక్క ముందు నడుస్తుందని చాలామంది నమ్మకం. అంత దూరం ఆలోచించక్కర్లేదు. అసలు కారణాలు చాలా మామూలువి.

ఒకటి: వేగం. మనిషి తీరిగ్గా నడిస్తే గంటకు నాలుగైదు కిలోమీటర్లు. నాలుగు కాళ్ల జీవికి అది నత్తనడక.

రెండు: వాసన. మనిషి ముక్కులో వాసన పసిగట్టే గ్రాహకాలు లక్షల్లో ఉంటే, కుక్క ముక్కులో కోట్లలో ఉంటాయి. కరెంటు స్తంభం దగ్గర మనకేమీ కనిపించదు. దానికి మాత్రం అక్కడ ఆరోజు దినపత్రిక మొత్తం కనిపిస్తుంది! ఎవరొచ్చారు, ఎప్పుడొచ్చారు, ఆడా మగా... అన్నీ.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. లాగితే పని జరుగుతుందని మనమే నేర్పించాం. కుక్క స్తంభం వైపు లాగుతుంది. మనం ‘ఆగరా’ అంటూనే నాలుగడుగులు దాని వెంట వేస్తాం. స్తంభం అందింది. అంటే లాగినందుకు బహుమతి దొరికింది. రోజుకి పాతికసార్లు, ఏడాది పొడవునా ఇదే పాఠం. చిన్నపిల్లాడు దుకాణం ముందు పేచీ పెడితే చాక్లెట్‌ కొనిచ్చినట్టే ఇదీ.

హస్కీల్లాంటి జాతులకైతే లాగడం రక్తంలోనే ఉంది. మంచు మీద బండి లాగడానికే తరతరాలుగా పెంచిన కుక్కలవి. మరి మన అపార్ట్‌మెంట్‌ కారిడార్‌లో అవి మాత్రం ఊరుకుంటాయా?

ఆ మెడలో ఏమున్నాయంటే...

కుక్క మెడ గట్టిది, దానికేం కాదులే అనుకుంటాం. నిజానికి పట్టీ ఆనేచోటే స్వరపేటిక, శ్వాసనాళం, ఆహారనాళం, థైరాయిడ్‌ గ్రంథి, తలకు వెళ్లే రక్తనాళాలు... అన్నీ ఉంటాయి. లాగినప్పుడల్లా వచ్చే ఆ దగ్గు ఊరికే రాదు. పొమరేనియన్‌లాంటి చిన్న జాతుల్లో శ్వాసనాళం మెత్తబడి ముడుచుకుపోయే జబ్బు కనిపిస్తుంటుంది. అలాంటి కుక్క మెడ మీద ఏ కాస్త ఒత్తిడి పడినా దగ్గు తెర ఆగదు.

కళ్ల సంగతీ ఉంది. మెడపట్టీతో లాగుతున్నప్పుడు కుక్క కంటిలోపలి ఒత్తిడి పెరుగుతోందనీ, అదే కుక్క ఛాతీకి తొడిగే హార్నెస్‌తో లాగితే అలా పెరగడంలేదనీ 2006లో అమెరికా పరిశోధకులు గుర్తించారు. నీటికాసుల జబ్బున్న కుక్కలకు ఇది పెద్ద ముప్పే.

2020లో బ్రిటన్‌లోని నాటింగ్‌హామ్‌ ట్రెంట్‌ యూనివర్సిటీ పరిశోధకులు మరో ప్రయోగం చేశారు. కుక్క మెడలాంటి నమూనా తయారుచేసి, ఏడు రకాల పట్టీలనూ ఒక ఉచ్చు తాడునూ దానికి తగిలించి లాగి చూశారు. మెత్తటి పొర ఉన్నవి, వెడల్పాటివి కూడా వాటిలో ఉన్నాయి. లాగిన బలాన్ని బట్టీ, పట్టీని బట్టీ మెడ మీద పడిన ఒత్తిడి 83 నుంచి 832 కిలోపాస్కల్స్‌ దాకా నమోదైంది. మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి దాదాపు 101 కిలోపాస్కల్స్‌ అని గుర్తుచేసుకుంటే ఆ అంకె ఎంత పెద్దదో తెలుస్తుంది. చివరికి వాళ్లు తేల్చిందేమిటంటే- లాగే కుక్కకు పూర్తిగా క్షేమం అనదగ్గ మెడపట్టీ వాటిలో ఒక్కటీ లేదు!

బజార్లో ఏమేం ఉన్నాయి?

శునక శిక్షణ అనగానే గొలుసు పట్టుకుని గుంజడమే గుర్తొస్తుంది. దానికో చరిత్ర ఉంది. ఇరవయ్యో శతాబ్దపు మొదట్లో కుక్కలకు పద్ధతిగా శిక్షణ ఇచ్చింది ఎక్కువగా పోలీసులూ సైనికులే. జర్మనీకి చెందిన కొన్‌రాడ్‌ మోస్ట్‌ 1910లోనే దీనిమీద పుస్తకం రాశాడు. అమెరికాలో విలియం కోలర్‌ 1962లో తెచ్చిన పుస్తకం గొలుసు గుంజే పద్ధతిని ఇళ్లలోకి తీసుకొచ్చింది. ఆ తర్వాత కాలం మారింది, సరంజామా కూడా మారింది. ఇప్పుడు దుకాణంలో కనిపించేవి ఇవీ...

మామూలు పట్టీ: నైలాన్‌ది లేదా తోలుది. పేరూ ఫోన్‌ నంబరూ రాసిన బిళ్ల తగిలించడానికి ఇది ప్రతి కుక్కకూ ఉండాల్సిందే. లాగని కుక్కకు నడకలోనూ ఇది చాలు. లాగే కుక్కకు మాత్రం భారమంతా గొంతు మీదే పడుతుంది.

మార్టింగేల్‌: లాగితే కొంతవరకే బిగిసి అక్కడితో ఆగిపోయే పట్టీ. గ్రేహౌండ్‌, మన పొరుగున కర్ణాటకలో పుట్టిన ముధోల్‌ హౌండ్‌లాంటి వేటకుక్కలకు తల సన్నం. మామూలు పట్టీలోంచి ఇట్టే తల బయటికి లాగేసుకుంటాయి. అలా తప్పించుకోకుండా చేసేది ఇది. లాగుడు మాన్పించేది కాదు.

ఉచ్చు గొలుసు: చోక్‌ చైన్‌ అంటారు. లాగినకొద్దీ బిగుస్తుంది, హద్దు లేదు. ఒక్కక్షణం గుంజి వెంటనే వదిలెయ్యాలన్నది దాని సూత్రం. ఆ ఒడుపు నేర్చినవాళ్లు తక్కువ. తిరగేసి తొడిగితే వదిలినా వదులవదు. ఇంట్లో ఉన్నప్పుడు కూడా మెడలో ఉంచేస్తే ఏ గేటు ఊచకో తగులుకుని ప్రాణం మీదికి రావచ్చు.

ముళ్ల పట్టీ: లోపలివైపు మొద్దుబారిన లోహపు ములుకులుంటాయి. లాగితే గుచ్చుకుంటాయి. నొప్పికి భయపడి కుక్క ఆగుతుంది, నిజమే. కానీ ఆ నొప్పిని అది దేనికి ముడిపెట్టుకుంటుంది? లాగినప్పుడు ఎదురుగా సైకిల్‌ మీద పిల్లాడు కనిపిస్తే, ‘పిల్లాడొస్తే నొప్పి’ అనుకోవచ్చు. అంతవరకూ తోకూపిన కుక్క ఆ తర్వాత పిల్లల్ని చూసి గుర్రుమనొచ్చు. జర్మనీ 2022 నుంచి శిక్షణలో ఈ పట్టీల వాడకాన్ని నిషేధించింది.

షాక్‌ పట్టీ: రిమోట్‌ నొక్కితే మెడ మీద కరెంటు చురుక్కుమనిపించేది. దీంతో వచ్చే చిక్కు కూడా అదే. బ్రిటన్‌లోని వేల్స్‌ 2010లోనే దీన్ని నిషేధించింది. నొప్పి పెట్టే పరికరాలు వద్దనే పశువైద్యుల సంఘాలు చెబుతున్నాయి.

తల పట్టీ: ఎద్దుకు ముకుతాడెందుకు వేస్తారు? అంత పెద్ద జంతువును మెడ దగ్గర ఆపలేం. తల ఎటు తిరిగితే ఒళ్లు అటు తిరుగుతుంది. గుర్రానికి తల చుట్టూ తాడు కట్టి నడిపించేదీ అందుకే. ముక్కు కుట్టకుండానే ఆ సూత్రాన్ని కుక్కకు తెచ్చిందే తల పట్టీ. మూతి చుట్టూ ఒక పట్టీ, చెవుల వెనక ఒక పట్టీ ఉంటాయి. బ్రిటన్‌లో రోజర్‌ మగ్‌ఫర్డ్‌ ‘హాల్టీ’ని, అమెరికాలో మిన్నెసోటా యూనివర్సిటీ పశువైద్యుడు ఆర్‌.కె.ఆండర్సన్‌, శిక్షకురాలు రూత్‌ ఫాస్టర్‌ కలిసి ‘జెంటిల్‌ లీడర్‌’నీ తయారుచేశారు. కుక్క లాగబోతే తల పక్కకు తిరుగుతుంది. ముప్పై కిలోల కుక్కను బక్కపలచటి మనిషి కూడా పట్టగలుగుతాడు. అయితే దీన్ని ఎప్పుడూ గుంజకూడదు. గుంజితే మెడ ఒక్కసారిగా మెలితిరిగిపోతుంది. ఇది మూతి కట్టేసే చిక్కం కూడా కాదు. దీంతో కుక్క నోరు తెరవగలదు, నీళ్లు తాగగలదు, రొప్పగలదు.

హార్నెస్‌: భుజాలకూ ఛాతీకీ తొడిగే పట్టీల అల్లిక. గొంతు మీద భారం ఉండదు. ఇక్కడే చాలామంది మోసపోతారు. వీపు మీద కొక్కెం ఉన్నది కొంటే కుక్క ఇంకా సుఖంగా, ఇంకా గట్టిగా లాగుతుంది. బండి కుక్కలకు తొడిగేది అలాంటిదే మరి! సంరక్షణ కేంద్రాల్లోని కుక్కల మీద చేసి 2021లో ప్రచురించిన పరిశోధనలోనూ మెడపట్టీతో కన్నా హార్నెస్‌తోనే అవి ఎక్కువ బలంగా లాగాయి. లాగే కుక్కకు కావాల్సింది ఛాతీ మీద, ముందువైపు కొక్కెం ఉన్న హార్నెస్‌. అది ముందుకు దూకగానే ఒళ్లు మనవైపు తిరిగిపోతుంది. లాగుడుకి బలం చాలదు.

దేనికి ఏది?

లాబ్రడార్‌, గోల్డెన్‌ రిట్రీవర్‌, జర్మన్‌ షెపర్డ్‌లాంటి వాటికి ముందు కొక్కెం ఉన్న హార్నెస్‌తో మొదలుపెట్టడం మంచిది. నడిపించేవాళ్లు పెద్దవయసువాళ్లయితేనో, కుక్క మరీ బలిష్ఠమైనదైతేనో తల పట్టీ గురించి ఆలోచించొచ్చు. పొమరేనియన్‌లాంటి చిన్నవాటికి తేలికైన హార్నెస్‌ చాలు. పగ్‌ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకు తల పట్టీ నిలవదు. అసలే ఊపిరికి ఇబ్బందిపడే జాతి, పైగా ఉబ్బెత్తు కళ్లు. మెడ మీద ఏ రకం లాగుడూ పనికిరాదు. వాటికి హార్నెస్‌ ఒక్కటే దారి. ఇంట్లో పెంచుకునే నాటు కుక్కలకు భయం ఎక్కువ. టపాసు చప్పుడుకే వెనక్కి నక్కి పట్టీలోంచి జారిపోతాయి. అందుకే వాటికి హార్నెస్‌, మార్టింగేల్‌ రెండూ తొడిగి తాడు రెంటికీ తగిలిస్తే నిశ్చింత.

కొనేటప్పుడు కుక్కను వెంట తీసుకెళ్లడం మేలు. కుదరకపోతే టేపుతో మెడ, ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత తీసుకెళ్లాలి. తొడిగాక పట్టీకీ ఒంటికీ మధ్య రెండు వేళ్లు పట్టాలి. మూడు నాలుగు పడితే వదులు, ఒకటే పడితే బిగువు. పిల్ల కుక్కలు వారం వారం పెరుగుతుంటాయి. పట్టీ అలాగే వదిలేస్తే చర్మంలోకి దిగబడిపోతుంది. నడక నుంచి రాగానే హార్నెస్‌ తీసెయ్యాలి. చంకల కింద బొచ్చు రాలిందేమో, ఎర్రబడిందేమో చూడాలి. మన ఉక్కపోతకు అక్కడ పుండ్లు పడటం మామూలే. హార్నెస్‌ వల్ల భుజాల కదలిక కాస్త తగ్గుతుందని 2019 నాటి ఓ పరిశోధన చెబుతోంది. అందుకే అది నడక వరకే.

తాడు అయిదారు అడుగులుంటే చాలు. చక్రంలోకి చుట్టుకునే పొడుగు తాళ్లు వద్దు. అవి ఎప్పుడూ బిగువుగానే ఉంటాయి. లాగితే తాడు పొడుగవుతుంది. అంటే అదీ లాగుడు పాఠమే!

అసలు పాఠం మనదే

ఇంత సరంజామా కొన్నా ఒక్కటి గుర్తుంచుకోవాలి. ఏ పట్టీ కూడా కుక్కకు నడక నేర్పదు. నేర్పేదాకా మన చేతికి కాస్త పట్టు ఇస్తుంది, కుక్క గొంతును కాపాడుతుంది. అంతే. పాఠం చెప్పాల్సింది మనమే. ఆ పాఠం ఒకే ఒక్క వాక్యం- తాడు వదులుగా ఉంటే కదులుతాం, బిగిస్తే ఆగుతాం.

* ముందు ఇంట్లోనే మొదలుపెట్టాలి. హార్నెస్‌గానీ తల పట్టీగానీ మొదటిరోజే తొడిగి రోడ్డెక్కించకూడదు. వాసన చూడనిచ్చి ఓ ముక్క పెట్టాలి. మెడకు తాకించి ఓ ముక్క. తొడిగి నిమిషంలో తీసేస్తూ ఓ ముక్క. తల పట్టీకైతే ఇలా వారం రోజులైనా పడుతుంది. లేదంటే కాళ్లతో గీరి పీకేసుకుంటుంది.

* ఉడికించిన కోడిమాంసం, గుడ్డు, పనీర్‌, క్యారెట్‌... ఏదైనా సరే చిటికెడంత ముక్కలు చేసి జేబులో వేసుకోవాలి. చాక్లెట్‌, ద్రాక్ష, కిస్‌మిస్‌, ఉల్లిపాయ మాత్రం కుక్కలకు విషం.

* కుక్క మన కాలి పక్కన ఉన్నప్పుడే ముక్క అందాలి. చెయ్యి కాలి పక్కకే దించి పెట్టాలి. ‘ఇక్కడుంటే తిండి దొరుకుతుంది’ అని దానికి అర్థమవుతుంది.

* తాడు బిగిసిందా... నిలబడిపోవాలి. అరవొద్దు, గుంజొద్దు. స్తంభంలా నిలబడితే చాలు. కాసేపటికి అది వెనక్కి తిరిగి చూస్తుంది. తాడు వదులవుతుంది. వెంటనే ‘శభాష్‌’ అని కదలాలి. మొదటిరోజు ఇంటి నుంచి వీధి చివరకు వెళ్లేసరికే పది నిమిషాలు పట్టొచ్చు. ఆరోజుకి అదే వాకింగ్‌.

* అయినా వినకపోతే మెల్లగా వెనక్కి తిరిగి నడవాలి. లాగినకొద్దీ తను కోరుకున్నది దూరమవుతోందని దానికి తెలియాలి.

* వాసన చూడటాన్ని నిషేధించొద్దు. దాన్నే బహుమతి చెయ్యాలి. పది అడుగులు బుద్ధిగా నడిస్తే ‘వెళ్లు’ అని స్తంభం దగ్గరకు వదలాలి. ఏ బిస్కెట్టూ దీనికి సాటిరాదు.

అన్నిటికన్నా కష్టమైన నియమం మరోటుంది. ఇంటిల్లిపాదీ ఒకే మాట మీద ఉండాలి. అమ్మ ఆగి, నాన్న లాగనిచ్చి, పిల్లాడు పరుగెత్తిస్తే అది ఏది నేర్చుకుంటుంది? వారంలో ఆరురోజులు ఆగి ఏడోరోజు ‘ఆఫీసుకు టైమైంది’ అని దాని వెంట పరుగెత్తితే లాగుడు ఇంకా ముదురుతుంది. లాటరీ టికెట్‌ ఎప్పుడో ఒకసారి తగిలినా మనిషి కొంటూనే ఉంటాడు కదా! తీరిక లేనిరోజున పాఠం పెట్టుకోకుండా ఇంట్లోనే బంతితో ఆడించడం నయం.

మన వీధుల్లో మరో చిక్కు వీధికుక్కలు. అవి ఎదురవగానే కంగారులో తాడు బిగించి దగ్గరకు లాక్కుంటాం. ఆ బిగువుతో మన కుక్కకూ కంగారు పుడుతుంది. దూరం నుంచే గమనించి పక్క సందులోకి మళ్లాలి. తప్పించుకునే దారి లేకపోతే పరుగెత్తకుండా వాటికీ మన కుక్కకూ మధ్య నిలబడి మెల్లగా వెనక్కి జరగాలి. రేబిస్‌ టీకా ఏటా వేయించి ఉండాలన్నది వేరే చెప్పక్కర్లేదు. ఇక వేసవిలో అయితే ఎండెక్కకముందే తిరిగొచ్చెయ్యాలి. అరచేతి వెనక భాగాన్ని తారురోడ్డు మీద ఏడు సెకన్లు ఉంచలేకపోతే, దాని పాదాలూ ఓర్చుకోలేవు.

ఉన్నట్టుండి లాగడం ఎక్కువైనా, అప్పటిదాకా లేని దగ్గు మొదలైనా, పట్టీ తొడుగుతుంటే మూలిగినా శిక్షణ ఆపి పశువైద్యుడికి చూపించాలి. అది మొండితనం కాదు, నొప్పి కావచ్చు.

చట్టమూ చెప్పింది

కుక్కను తిప్పడం మన దయ కాదు. జంతువుల పట్ల క్రూరత్వ నిరోధక చట్టం- 1960లోని 11వ సెక్షన్‌ ఏమంటుందో చాలామందికి తెలియదు. మరీ పొట్టిదైన, బరువైన గొలుసుతో జంతువును గంటల తరబడి కట్టేయడం క్రూరత్వమే. ఎప్పుడూ గొలుసుకో గదికో కట్టుబడి ఉండే కుక్కకు తగినంత వ్యాయామం లేకుండా చేయడం కూడా క్రూరత్వమేనని అందులో విడిగా రాసి ఉంది. ‘లాగుతోంది కాబట్టి తిప్పడం మానేశాం’ అన్న జవాబు ఆ చట్టం ముందు నిలవదు.

లాబ్రడార్‌ ఆయుష్షు పదీ పన్నెండేళ్లు. అందులో నెలా రెణ్నెల్లు రోజుకి పది నిమిషాలు ఓపిక పడితే మిగిలిన ఏళ్లన్నీ ఇంట్లో ఎవరైనా దాన్ని బయటికి తీసుకెళ్లగలుగుతారు. అమ్మమ్మ కూడా! పిల్ల కుక్కగా ఉన్నప్పుడే మొదలుపెడితే ఇంకా సులువు. ఆరేడేళ్ల కుక్కకు కాస్త ఆలస్యమవుతుందంతే, నేర్చుకోకుండా ఉండదు. రేపు పొద్దున గేటు తీసేముందు ఓ నిమిషం ఆగి చూడండి. తాడు వదులైతేనే మొదటి అడుగు వెయ్యండి.